ఇరవై ఇద్దరు అధికారులు, ఒక సిపాయి

ఒచిరుందు పటాలంలో మొత్తం ఇరవై ముగ్గురు. వాళ్ళలో ఒకాయన జనరల్, ఇద్దరు కల్నళ్ళు, నలుగురు మేజర్లు, ఆరుగురు కెప్టెన్లు, ఐదుగురు లెఫ్టినెంట్లు, నలుగురు సార్జంట్లు. మిగిలినవాడు ఎలిఫాస్ కమూహంగా. అతనొక్కడే సిపాయి.

మొదట్లో ఇలా ఉండేది కాదు. నైరుతి ఆఫ్రికా నుంచి జర్మన్లు పోయి దక్షిణాఫ్రికా దొరలు వచ్చిన కొత్తలో, హెరెరో తెగ కుర్రాళ్ళు ఊరూరా పటాలాలు కట్టుకున్నప్పుడు, ఒచిరుందులో ఒక కెప్టెనూ ఇద్దరు సార్జంట్లూ మాత్రమే ఉండేవారు. తక్కినవాళ్ళంతా సిపాయిలే. ఖాకీ కోట్లు, ఎర్ర పట్టీ కట్టిన టోపీలు, తుమ్మ కొయ్యతో చెక్కిన తుపాకులు. ఆదివారం ప్రార్థన అయ్యాక కవాతు. ఏటా ఆగస్టులో ఒకహాంజా వెళ్ళి, పాత నాయకుల సమాధుల ముందు వరసగా నడిచి, మేమింకా ఉన్నామని వాళ్ళకి చెప్పి రావడం. అక్కణ్ణించి తిరిగొచ్చాక ఎవరో ఒకరికి హోదా పెంచడం అలవాటైంది. ఒకడు గొంతు బాగుందని సార్జంటయ్యాడు. ఒకడు విందుకి ఎద్దునిచ్చి లెఫ్టినెంటయ్యాడు. ఇంకొకడికి పిల్లనిచ్చే మామ, అల్లుడు కనీసం కెప్టెనైనా కాకపోతే సంబంధం వద్దన్నాడు. మంచి సంబంధం చెడిపోకూడదని నిలబడినవాణ్ణి నిలబడినట్టే కెప్టెన్ని చేశారు. హోదా పెంచడమే తప్ప దించడం ఎవరికీ చేతకాలేదు. పదేళ్ళు తిరిగేసరికి పటాలం అంతా భుజాల మీద పట్టీలతో మెరిసిపోయింది, ఎలిఫాస్ భుజాలు తప్ప.

అతనికి ఇవ్వక కాదు, ఇస్తే పుచ్చుకోలేదు. మొదటిసారి అడిగినప్పుడు పట్టీ కుట్టడానికి ఇంట్లో దారం లేదన్నాడు. రెండోసారి, సార్జంటంటే పరుగులు పెట్టాలి, నా మోకాలు ఒప్పుకోదన్నాడు. మూడోసారి జనరల్ నికానోర్ స్వయంగా ఇంటికొచ్చాడు. నికానోర్ వారంలో ఆరు రోజులు స్టేషన్ పక్క హోటల్లో గిన్నెలు కడిగేవాడు, ఏడో రోజు జనరల్. ఎలిఫాస్‌కి వరసకి అల్లుడు కూడాను. అందుకని మామూలు రోజుల్లో 'మావా' అని, కవాతు రోజున 'సిపాయీ' అని పిలిచేవాడు. ఆ రోజు ఏ పిలుపు పిలవాలో తేలక రెండూ కలిపాడు.

"సిపాయి మావా, నిన్ను లెఫ్టినెంటుని చేస్తున్నాం. ఇది ఆజ్ఞ."

"ఆజ్ఞ ఎవరికిస్తున్నావు అల్లుడూ?"

"నీకే."

"మరి నేనూ లెఫ్టినెంటునైపోతే, వచ్చే ఆదివారం ఎవరికిస్తావు?"

నికానోర్ టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. సొరబుర్రలోని పులిసిన పాలు రెండు గిన్నెలు తాగి వెళ్ళిపోయాడు. ఆ మాటలో న్యాయముందని ఆయనకి అర్థమైంది. ఇరవై రెండు నోళ్ళకి ఉన్నవి రెండు చెవులే, అవి కూడా పోతే పటాలం మూగపోతుంది.

కవాతు చూడ్డానికి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చేవారు. ఇరవై ఇద్దరూ ఒక్కసారిగా, జర్మన్ దొరల కాలంలో విని పట్టుకున్న జర్మన్ మాటల్లో కుడి అనీ ఎడమ అనీ ఆగమనీ నడవమనీ కేకలేస్తుంటే, ఎలిఫాస్ అందరికంటే పెద్ద హోదావాడి మాట విని, తక్కినవాళ్ళకి సలాం కొట్టేవాడు. నడకలో అధికారులంతా ముందు, అతను వెనక. వాళ్ళ బూట్లు లేపిన ఎర్రదుమ్మంతా అతని నోట్లోకే. వెనక వరస మరీ పలచగా కనిపిస్తోందని ఒక కెప్టెన్ బాధపడితే, మోచేతులు ఎడంగా పెట్టుకుని నడవమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అలాగే నడిచాడు.

వారంలో మిగతా రోజులు అతని పని ఊటబావి దగ్గర. చుట్టుపక్కల బండి ప్రయాణంలో రోజంతా పోయినా అలాంటి ఊట లేదు. ఎండాకాలంలో కూడా నీళ్ళు నడుం లోతుకి తగ్గేవి కావు. ఎవరి పశువులు ఎప్పుడు తాగాలో చూసి, తొట్లు నింపి, పాకుడు గీకి, కోడెలు పొడుచుకోకుండా కాయడం ఎలిఫాస్ బాధ్యత. ప్రతి ఆవునీ రంగు చెప్పి, మచ్చ చెప్పి, దాని అమ్మమ్మ పేరు కూడా చెప్పగలిగేవాడు. మనుషుల పేర్లే అప్పుడప్పుడు మర్చిపోయేవాడు.

అతని భార్య హుల్దాకి మాత్రం ఈ సిపాయి బతుకు గొంతులో ముల్లులా ఉండేది. ఆమె చేతి కుట్టుకి ఊళ్ళో సాటి లేదు. నేలకి జీరాడే గౌన్లూ, ఆవు కొమ్ముల్లా రెండు పక్కలా సాగే తలపాగాలూ అందరికీ ఆమే కుట్టాలి. పటాలంలో ఇరవై ఇద్దరి భుజాల మీది పట్టీలూ ఆమె సూది కిందనుంచి వెళ్ళినవే. గుడిలో ఆడవాళ్ళు మొగుళ్ళ హోదాని బట్టి కూర్చోవడం మొదలుపెట్టాక ఆమె బల్ల ఆఖరికి చేరింది. ముందు వరసల్లో ఇరవై రెండు జతల కొమ్ములు లేచి ఉండేవి. పాస్టరు గారు ఏం బోధిస్తున్నారో వినపడేది గానీ, ఆయన అక్కడ ఉన్నారో లేరో కనపడేది కాదు.

"నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన పిల్ల. దాని గౌను నేను కుట్టాను, దాని మొగుడి పట్టీ నేను కుట్టాను. దాని వీపు చూస్తూ నేను ప్రార్థన చెయ్యాలా?" అని ఆమె ఎలిఫాస్‌ని నిలదీసేది.

"వీపు చూస్తే ఏం, దేవుడికి నువ్వు కనపడితే చాలదూ?"

"దేవుడి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నా సంగతి చూడు."

ఎలిఫాస్ నవ్వి ఊరుకునేవాడు. తను ఎందుకు వద్దంటున్నాడో ఆమెకి ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేదు. పటాలంలో, జర్మన్లతో జరిగిన పెద్ద యుద్ధాన్ని కళ్ళతో చూసినవాడు అతనొక్కడే. జనరల్ నికానోర్ అప్పటికి పాలు తాగే పిల్లాడు. యుద్ధం గురించి ఎవరైనా అడిగితే ఎలిఫాస్ ఏదో ఆవు గురించి మాట్లాడేవాడు.

ఆ ప్రాంతానికి నాయకుడు కండేతు. డెబ్బై దాటినవాడు. యుద్ధంలో అన్నీ పోగొట్టుకుని, రెండు మేకలతో మొదలుపెట్టి మళ్ళీ మందని నిలబెట్టినవాడు. ఆయనకి చెముడు నిజంగా ఉందో లేదో ఎవరికీ తెలియదు. ప్రభుత్వం మనుషులు వచ్చినప్పుడు మాత్రం తప్పకుండా ఉండేది. ఒచిరుందు ఖాళీ చేసి తూర్పుకి, ఇసుక నేలలకి పొమ్మని నాలుగేళ్ళుగా కాగితాలు వస్తున్నాయి. ఊటబావి పక్కనే ఫారం ఉన్న లౌబ్సర్ దొరకి ఆ నీళ్ళ మీద కన్ను. కండేతు ప్రతి కాగితాన్నీ మూడుసార్లు చదివించుకుని, చాలా మర్యాదగా జవాబు రాయించేవాడు. తూర్పు అంటే ఏ చెట్టుకి తూర్పు అని మొదటి ఏడు అడిగాడు. చెట్టు పేరు రాసి పంపితే, ఆ చెట్టు పిడుగు పడి పోయింది, ఇప్పుడెలా అని రెండో ఏడు రాశాడు. మూడో ఏడు, ఉత్తరంలో ఉన్న సంతకం కిందటి ఉత్తరంలో సంతకంలా లేదు, మోసగాళ్ళు ఎక్కువయ్యారు, దొరవారు జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించాడు. తిరగబడి మళ్ళీ జనాన్ని పోగొట్టుకునే ఓపిక ఆయనకి లేదు. కదిలే ఉద్దేశమూ లేదు.

లౌబ్సర్ దొరకి ఓపిక నశించింది. కొత్తగా వచ్చిన మేజిస్ట్రేటుకి ఒక ఫిర్యాదు రాశాడు. హెరెరోలు ఒచిరుందులో సైన్యం తయారు చేస్తున్నారు, జర్మన్ భాషలో ఆజ్ఞలిస్తున్నారు, తుపాకులున్నాయి, నాలుగు వందల మంది ఉంటారు, నీళ్ళ దగ్గర ఉంటే మరీ ప్రమాదం అన్నది దాని సారాంశం. మేజిస్ట్రేటు దొర కుర్రవాడు. బంగళా ఇంకా సిద్ధం కాలేదని హోటల్లోనే బస చేస్తున్నాడు. నాలుగు వందలమంది అనగానే ఇన్‌స్పెక్టర్నీ ఆరుగురు కానిస్టేబుళ్ళనీ దుబాసీనీ మడత బల్లనీ వెంటబెట్టుకుని ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాడు. ఆయన వస్తున్నాడన్న కబురు ఆయనకంటే ముందే చేరింది. పొద్దున్నే వేడినీళ్ళు కావాలని ముందు రాత్రి ఆయన హోటల్లో ఎవర్ని అడిగాడో ఆ మనిషే జనరల్.

ముళ్ళతుమ్మ కింద బల్ల వేశారు. కండేతు కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చుని పైపు వెలిగించాడు. మీ దగ్గర ఎంతమంది సైనికులున్నారని మేజిస్ట్రేటు అడిగాడు. దుబాసీ చెప్పాడు. కండేతు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. దుబాసీ అరిచి చెప్పాడు. కండేతు చెయ్యి మార్చి రెండో చెవి దగ్గర పెట్టాడు. దుబాసీ లేచి ఆయన పక్కకొచ్చి మూడోసారి చెప్పాడు. నాయకుడు చాలాసేపు ఆలోచించి, పైపు నోట్లోంచి తీశాడు.

"ఒకడు."

మేజిస్ట్రేటు మొహం కందగడ్డయింది. పటాలం మొత్తాన్ని వరసగా నిలబెట్టమన్నాడు. ఇరవై ముగ్గురూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ పుస్తకం తెరిచాడు. ఒక్కొక్కడూ ముందుకొచ్చి, బూటు నేలకేసి కొట్టి, పేరూ హోదా చెప్పాడు. జనరల్ ఒకరు, కల్నళ్ళు ఇద్దరు, అలా దిగుతూ దిగుతూ సార్జంట్ల దాకా వచ్చారు. ఇన్‌స్పెక్టర్ గడులు గీసుకుని నింపుతున్నాడు. చివరికి మిగిలిన గడిలో ఒకటి వేసి, కూడి చూసుకుని, నాయకుడు అబద్ధం చెప్పలేదని మేజిస్ట్రేటుకి మెల్లిగా మనవి చేశాడు.

తర్వాత ఆయుధాల తనిఖీ. కొయ్య తుపాకుల్ని ఒక్కొక్కటే తీసుకుని, గొట్టంలో కన్ను పెట్టి చూశారు. ఏ గొట్టానికీ రంధ్రం లేదు. ఎలిఫాస్ వంతు వచ్చేసరికి అతని చేతిలో తుపాకీ కూడా లేదు. కిందటి వానాకాలంలో పొయ్యిలోకి పుల్లలు లేకపోతే హుల్దా అతని తుపాకీని మంటలో పెట్టింది. అప్పట్నించీ అతను మొక్కజొన్న అంబలి కలిపే కర్ర భుజాన వేసుకుని కవాతు చేస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని వాసన చూసి, ఆయుధాల గడిలో 'కర్ర ఒకటి, పిండి అంటుకుని ఉంది' అని రాశాడు.

నవ్వు ఎవరి నోట్లోంచి బయటపడిందో తెలియదు గానీ, ఆడవాళ్ళ వైపు కొమ్ములన్నీ ఊగడం మేజిస్ట్రేటు చూశాడు. నాలుగు వందలమందిని అణచడానికి వచ్చి ఉత్త చేతుల్తో వెనక్కి పోలేడు. సైన్యమంటే సైనికులే కదా, ఆ ఒక్క సైనికుణ్ణీ తీసుకుపోతే సైన్యం రద్దయినట్టే అని ఆయనకి తోచింది. ఎలిఫాస్‌ని అరెస్టు చెయ్యమన్నాడు.

కానిస్టేబుళ్ళు రెండు పక్కలా నిలబడ్డారు. ఎలిఫాస్ కర్ర హుల్దాకిచ్చి, వాళ్ళని ఒక్క క్షణం ఆగమని, జనరల్ వైపు తిరిగి సలాం కొట్టాడు.

"జనరల్ గారూ, నన్ను వెళ్ళమంటారా?"

నికానోర్‌కి ఇది ఏ కవాతులోనూ ఎదురుకాని ప్రశ్న. వెళ్ళమంటే పటాలం పరువు పోతుంది. వెళ్ళొద్దంటే కానిస్టేబుళ్ళ తుపాకులు కొయ్యవి కావు. దిక్కు తోచక నాయకుడి వైపు చూశాడు. కండేతుకి అప్పటిదాకా ఉన్న చెముడు ఎటో పోయింది.

"పటాలం ఎక్కడుంటే అధికారులూ అక్కడే ఉండాలి గదా, నికానోర్," అన్నాడు పైపులో బూడిద దులుపుకుంటూ.

అంతే. ఇరవై ఇద్దరూ వరస కట్టారు. పట్నానికి సగం రోజు నడక. ఎలిఫాస్ కానిస్టేబుళ్ళ మధ్య అందరికంటే ముందు నడిచాడు. పదేళ్ళలో మొదటిసారి అతని నోట్లో దుమ్ము పడలేదు. దారంతా గాలి బాగుందని కానిస్టేబుళ్ళతో చెబుతూనే ఉన్నాడు.

జైలుకి రెండే గదులు. ఒకదాంట్లో మేకల దొంగ ఉన్నాడు. రెండోదాంట్లో ఎలిఫాస్‌ని పెట్టారు. అధికారులు ఆఫీసు ముందు ఖాళీ జాగాలో నాలుగు వరసల్లో నిలబడి, తర్వాత కూర్చుని, ఇక కదల్లేదు. వెళ్ళిపొమ్మంటే నికానోర్ మర్యాదగా ఒకటే మాట చెప్పాడు. మా సిపాయి లోపలున్నాడు, అతన్ని వదిలి వెళ్తే అది విధి తప్పడం అవుతుంది, దానికి మమ్మల్ని మేమే శిక్షించుకోవాల్సి వస్తుంది అని.

ఎవరూ గొడవ చెయ్యలేదు, కేకలెయ్యలేదు. అసలు చిక్కు మర్నాడు పొద్దున మొదలైంది. స్టేషన్లో ఇంజనుకి నీళ్ళు పట్టే మనిషి పెద్ద కల్నల్. ఆయన లేక రైలు పొగలు కక్కుతూ అక్కడే నిలబడిపోయింది. రొట్టెల పొయ్యి రాజేసేవాడు మేజర్. పట్నానికి రొట్టెల్లేవు. ఉత్తరాలు మోసేవాడు లెఫ్టినెంట్. దొరల గుర్రాలకి గడ్డేసేవాళ్ళు ఇద్దరు కెప్టెన్లు. హోటల్లో ఎంగిలి పళ్ళేలు కిటికీ ఎత్తు పేరుకుపోయాయి. మేజిస్ట్రేటు దొరకి మధ్యాహ్నం సూపు ఆయన గడ్డం గీసుకునే గిన్నెలోనే పోసి ఇచ్చారు. కడిగే ఇచ్చామని హోటల్ దొరసాని చెప్పింది. సబ్బు వాసన మాత్రం పోలేదు.

ఆ సాయంత్రం ఆయన ఎలిఫాస్‌ని పిలిపించి విచారణ చేశాడు. ఎలిఫాస్ జైల్లో రెండు పూటలు కడుపు నిండా తిని, ఎవరి ఆజ్ఞా వినకుండా నిద్రపోయి, తేటగా ఉన్నాడు.

"నీకు ఆజ్ఞలు ఎవరిస్తారు?"

"అందరూ ఇస్తారు దొరా."

"అందులో ఎవరి మాట వింటావు?"

ఎలిఫాస్ నిజాయితీగా ఆలోచించాడు. "హుల్దా మాట."

మేజిస్ట్రేటు కళ్ళు మెరిశాయి. ఇన్‌స్పెక్టర్ జాబితా అంతా వెతికాడు. ఆ పేరుతో అధికారి లేడు. అంటే అసలు నాయకుడు వేరే ఉన్నాడు, పేరు దాచిపెట్టారు అని ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. హుల్దా అంటే ఎవరో దుబాసీ చెప్పబోతే, అడిగినదానికే జవాబు చెప్పమని కసిరారు. దుబాసీ నోరు మూసుకుని, జరగబోయేది చూడ్డానికి అనువుగా గోడవార జరిగాడు.

ఆ మధ్యాహ్నమే ఆడవాళ్ళంతా పులిసిన పాల బుర్రలతో వచ్చి, మొగుళ్ళ పక్కన కూర్చున్నారు. ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చి హుల్దా ఎక్కడ అని గట్టిగా అడిగాడు. వెనకనుంచి ఆమె లేచింది. మనిషే నిలువెత్తు, తలపాగాతో ఇంకో జానెడు. కొమ్ములు అడ్డం వస్తాయని తలుపు దగ్గర పక్కకి తిరిగి మరీ లోపలికొచ్చింది.

"వీళ్ళందర్నీ నడిపేది నువ్వేనా?" అని దుబాసీ ద్వారా అడిగాడు మేజిస్ట్రేటు.

"నేను నడిపితే ఇంత అధ్వానంగా నడుస్తారా? ఈయన ఒక్కణ్ణి నడపడానికే పదేళ్ళయింది నాకు," అంది హుల్దా.

ఆ తర్వాత ఆమెని ఎవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది. గుడిలో బల్లల సంగతీ, సార్జంటు పెళ్ళాం వీపు సంగతీ, దారం లేదన్న సాకూ మోకాలి సాకూ, తుపాకీ పొయ్యిలో పెట్టడానికి దారితీసిన వానలూ, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. దుబాసీ ఒక్క మాట వదలకుండా తర్జుమా చేశాడు. చివరికి ఆమె మేజిస్ట్రేటుకి ఒక మనవి చేసుకుంది. మీది పెద్ద ప్రభుత్వం, మా నికానోర్ మాట ఈయన వినడం లేదు, మీరే ఒక కాగితం రాసి ఈయన్ని లెఫ్టినెంటుని చెయ్యండి, లేదా ఇంటికి పంపండి, తొట్లలో పాకుడు పెరిగిపోతోంది అని.

మేజిస్ట్రేటు రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. ఎలిఫాస్ మొహంలో మాత్రం గర్వం దాగలేదు. తన భార్య మాటకి పటాలం ఏం ఖర్మ, ప్రభుత్వమే తల వంచుతోంది.

మూడో రోజు పొద్దెక్కాక లౌబ్సర్ దొర బండి తోలుకుని వచ్చాడు. బండి తనే తోలుకున్నాడు, ఎందుకంటే తోలేవాడు మేజర్. ఆయన మందలో ముప్ఫై పాడిఆవులు రెండు రోజులుగా పితికే దిక్కు లేక పొదుగులు రాయిలా గట్టిపడి అరుస్తున్నాయి. పితికే ఆడవాళ్ళు ఇద్దరూ సార్జంట్ల భార్యలు. ఆయన తనే పితకబోతే ఒక ఎర్రావు తన్నిందని తెలుస్తూనే ఉంది, కుంటుతున్నాడు. వాళ్ళని నీళ్ళ దగ్గర్నించి తియ్యమన్నాను గానీ నా ఆవుల దగ్గర్నించి తియ్యమన్నానా అని ఆయన మేజిస్ట్రేటు మీద విరుచుకుపడ్డాడు. నువ్వు రాసిన ఫిర్యాదు మీదే కదా ఇదంతా అని మేజిస్ట్రేటు తిరిగి అరిచాడు. ఆఫీసు కిటికీలు తెరిచే ఉన్నాయి. బయట కూర్చున్నవాళ్ళకి భాష తెలియకపోయినా విషయం తెలిసింది.

మధ్యాహ్నంలోగా లౌబ్సర్ దొర ఇంకో కాగితం రాసిచ్చాడు. తను విన్న కేకలు పెళ్ళి సందడి అయ్యుండొచ్చని, నాలుగు వందలు అన్నది పశువుల సంఖ్య కావచ్చని. ఫిర్యాదే లేకపోయాక ఖైదీ ఎందుకని మేజిస్ట్రేటు ఎలిఫాస్‌ని వదిలేశాడు. ఆయన పైవాళ్ళకి పంపిన నివేదికలో సాయుధ బలం ఒక్కరేనని, అతను భార్య అదుపులో ఉన్నాడని రాసినట్టు దుబాసీ తర్వాత చెప్పాడు. ప్రమాదకరమైన సైన్యం అన్న సాకు పోవడంతో, ఊరు కదిలించే వ్యవహారం మళ్ళీ ఉత్తరాల దారిలోకే వెళ్ళింది. కండేతు ఆ వారంలోనే ఒక ఉత్తరం రాయించాడు. తూర్పు గురించి ఇంకా స్పష్టత రాలేదని.

తిరుగుదారిలో నికానోర్ ఉత్సాహం పట్టలేకపోయాడు. సిపాయి మావని తిన్నగా మేజర్ని చేస్తానని, పట్టీలు తనే కుడతానని ప్రకటించాడు. హుల్దా మొహం వెలిగింది. ఎలిఫాస్ నెమ్మదిగా నడుస్తూ వెనకబడ్డాడు. హుల్దా కూడా గౌను అంచు ఎత్తి పట్టుకుని అతనితో వెనకబడింది. ఆ నడకలో, ఎవరూ వినకుండా, అతను ఆమెకి తన మేనమామ కాసుపీ గురించి చెప్పాడు.

యుద్ధమప్పుడు ఎలిఫాస్‌కి పదహారేళ్ళు. మామ నీళ్ళబుర్ర తనే మోసేవాడు. మామకి మొదట్లో ఏ హోదా లేదు. ఒక పోరులో జర్మన్ అధికారి టోపీ దొరికింది, ఒక పక్క అంచు మడిచిన బూడిదరంగు టోపీ. అది పెట్టుకోగానే ఆయన నడక మారిపోయింది, గొంతు మారిపోయింది. నాయకులు కూడా టోపీ చూసి ఇరవై మందిని ఆయన చేతి కింద పెట్టారు. అందరూ నవ్వుకునేవారు, ఆయన కూడా నవ్వేవాడు. వాటర్‌బర్గ్ కొండ దగ్గర ఆఖరి పోరు నాటి ఉదయం జర్మన్ తుపాకులన్నీ ఆ టోపీనే వెతుక్కున్నాయి.

"టోపీకి తగిలింది. టోపీ కింద మామ ఉన్నాడు," అన్నాడు ఎలిఫాస్. "ఆ ఇరవై మందీ ఎటు పోవాలో తెలీక ఆయన చుట్టూ నిలబడిపోయారు. నా చేతిలో నీళ్ళబుర్ర ఉంది. నన్నెవడూ చూళ్ళేదు. ఇసుకలోకి నడిచాను."

హుల్దా అతని పక్కకి జరిగి నడిచింది. ఓడిన జనం పారిపోతూ నీళ్ళు లేక రాలిపోయిన ఆ ఎడారి ఇసుక సంగతి ఆమెకీ తెలుసు. అమ్మ వీపు మీద దాటింది.

"ఇంతకాలం మోకాలు, దారం అని చెప్పావు. ఇది ముందే చెప్పి ఏడవొచ్చుగా," అంది.

"చెప్తే నువ్వు గొడవ మానేస్తావు. నీ గొడవ లేకపోతే నాకు ఇంట్లో తోచదు."

ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చి, గౌను ఎత్తి పట్టుకుని పెద్ద అంగలేసుకుంటూ ముందుకి పోయింది. నికానోర్‌ని అందుకుని, మా ఆయన్ని ఇంకెప్పుడూ అడక్కు, అడిగితే నీ కోటు గుండీలన్నీ ఊడబీకుతానని చెప్పింది. జనరల్ ఎందుకని అడగలేదు. వచ్చిన ఆదివారం గుడిలో ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ముందు బల్ల మీద ఆమెకి చోటు వదిలారు. మేజిస్ట్రేటుని కూర్చోబెట్టి కడిగిన మనిషిని వెనక కూర్చోబెట్టడానికి జనరల్ భార్యకి కూడా మనసొప్పలేదు. పాస్టరు గారికి బట్టతల అని హుల్దాకి ఆ రోజే తెలిసింది.

ఎలిఫాస్ ఆ తర్వాత ఇంకో పద్దెనిమిదేళ్ళు బతికాడు. మేజిస్ట్రేట్లు ముగ్గురు మారారు. కండేతు కన్నుమూశాక ఆయన చెల్లెలి కొడుకు నాయకుడయ్యాడు. అతనికి చెముడు రాలేదు గానీ, మాట తడబడటం వచ్చింది, అది కూడా ప్రభుత్వం మనుషుల ముందే. ఒచిరుందు ఒచిరుందులోనే ఉంది. ఎలిఫాస్ ఊటబావికి కొత్తగా రాళ్ళ గోడ కట్టాడు. తొట్లు నాలుగు నుంచి ఏడయ్యాయి. చివరి సంవత్సరాల్లో కళ్ళు మసకబారితే, పశువుల్ని గిట్టల చప్పుడు బట్టి గుర్తుపట్టేవాడు. ఒకసారి లౌబ్సర్ దొర ఆవు ఒకటి కంచె దాటి వచ్చి తాగుతుంటే, ఇది మనది కాదు, దీనికి నడక నేర్పినవాళ్ళు ఎవరో అని నవ్వి, కడుపు నిండా తాగనిచ్చి తోలించాడు.

ఒక వేసవిలో, మొదటి వాన పడ్డ మర్నాడు, బావి గోడకి ఆనుకుని కూర్చుని ప్రాణం విడిచాడు. ఊట కనబడేలా గుట్ట మీద పాతిపెట్టారు. మట్టి తడిగా ఉండి తవ్వడం తేలికైందని తవ్వినవాళ్ళు చెప్పుకున్నారు. వచ్చినవాళ్ళందరూ ఒక్కొక్క రాయి పెట్టారు. హుల్దా అందరికంటే ఆఖర్న పెట్టింది, రెండు చేతుల్తో మోయాల్సినంత రాయి. కాసేపు అక్కడే నిలబడి ఆయనతో ఏదో చిన్నగా మాట్లాడింది. దగ్గర ఉన్నవాళ్ళకి అది తిట్టులా వినిపించిందట. తర్వాత గౌను అంచుతో చేతులు తుడుచుకుని, పొద్దువాలుతోంది, మచ్చలావు ఇంకా పితకలేదని చెప్పి గుట్ట దిగింది.